సర్కారు తరఫు సాక్షి

"ఇటు నీడకు కూసోండి సాబ్."

జగిత్యాల కోర్టు వరండాలో బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు ఆ మనిషి. మాసిన షేర్వానీ, చేతిలో టిఫిన్ డబ్బా.

జనార్దన్ కూర్చున్నాడు. ఊళ్లో చిన్న వారపత్రిక నడిపే జనార్దన్ మీద సర్కారు రహస్యం బయటపెట్టాడని కేసు.

"పేపరాయన మీరేనా?"

"నేనే."

"గా రహస్యం కాయితం మీకెవరిచ్చిన్రు?"

"తెలిస్తె గద చెప్పెటందుకు! ప్రెస్సు తలుపు సందుల పెట్టి పోయిన్రు. గొట్టం లెక్క చుట్టి, గులాబి దారం కట్టి. అన్నలే పంపి ఉంటరు."

"అడవిలున్నోళ్లకు గులాబి దారం ఏడ దొరుకుతది సాబ్?"

జనార్దన్‌కు నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు.

"ఇగ ఇయ్యాల ఏమైతది?"

"ఎవడో దఫ్తర్ గుమస్తాను సాక్షిగ పిలిచిన్రు. గా కాయితం మాది కాదన్నడా, నేను ఇంటికి. దొంగ కాయితానికి రహస్యమేడిది? మా వకీలు లక్ష్మీరాజం మాట అది."

"మాదే అంటె?"

"జైలుకు."

ఆ మనిషి వరండా చివర కూర్చున్న ముసలామె వైపు చూశాడు.

"గా అవ్వ ఎవరు?"

"లసుమవ్వ. సిరిసిల్ల. మరమగ్గాల సాంచలు నడిపే పరశురాములు తల్లి."

అడవిలో పోలీసుల మీద కాల్పులు జరిపి ఎదురుకాల్పుల్లో చచ్చాడని సర్కారు చెప్పిన పరశురాములు. కాల్పులకు ముందురోజే అతను ఠాణాలో ఉన్నాడని, పెద్ద అధికారి విచారణ చేసి రాసి దాచిపెట్టిన కాయితమే జనార్దన్ అచ్చేసింది.

"కాయితం దొంగదని తేలితె మీరు ఇంటికి పోతరు. గామె కొడుకు సంగతేంది సాబ్?"

ఆ ప్రశ్న వారం రోజులుగా జనార్దన్‌ను తినేస్తోంది. ముందు నువ్వు బయటపడు, తర్వాత చూసుకుందాం అన్నాడు లక్ష్మీరాజం. జనార్దన్ సరే అని తలూపాడు.

"మునావర్!" బంట్రోతు కేకేశాడు. "సర్కారు తరఫు సాక్షి మునావర్!"

పక్కనున్న మనిషి టిఫిన్ డబ్బా బెంచీ మీద పెట్టి లేచాడు.

ఇంతసేపూ జనార్దన్ మాట్లాడింది ఆ గుమస్తాతోనే.

బోనులో మునావర్‌కు కాయితం చూపించాడు ప్రాసిక్యూటర్.

"ఈ ముద్ర మీ దఫ్తర్‌దేనా?"

"మాదే హుజూర్."

"చాలు."

"ముద్రొక్కటే కాదు హుజూర్. లోపటి ప్రతి మాట అసలుదే. పరశురాములు ముందురోజే ఠాణాల ఉన్నడని మా పెద్దసాబ్ రాసిన మాట నిజం."

"అడిగిందానికే చెప్పవయ్యా!" ప్రాసిక్యూటర్ కసిరాడు.

"మునిగినం," అన్నాడు లక్ష్మీరాజం గొంతు తగ్గించి.

సాక్ష్యం రాసుకున్నాక, ఆనవాయితీ ప్రకారం కోర్టు గుమస్తా గబగబా చదివి వినిపించాడు. అందరూ సంతకం పెట్టి దిగిపోతారు. మునావర్ కలం పట్టుకోలేదు.

"ఒక మాట పోయింది హుజూర్. 'ముందురోజే' అన్న. రాయలేదు."

"దానికేముందయ్యా?" విసుక్కున్నాడు జడ్జి.

"ప్రమాణం చేసి చెప్పిన మాట హుజూర్. రాయాలె."

రాశారు. మళ్లీ మొత్తం చదివించుకుని సంతకం పెట్టాడు.

తీర్పు ఆ వారమే వచ్చింది. ప్రజలకు తెలియాల్సినది ఉంటే కోర్టుకు రావాలి గాని రహస్యం అచ్చేసే హక్కు పత్రికకు లేదన్నాడు జడ్జి. ఏడాది శిక్ష.

మునావర్ సాక్ష్యమిచ్చిన రోజే వరండాలో ఎదురుపడితే జనార్దన్ ఊరుకోలేదు.

"సర్కారు ఉప్పు తిన్నవు. రుణం తీర్చుకున్నవు."

మునావర్ టిఫిన్ డబ్బా అందుకున్నాడు.

"ముందురోజే అన్న మాట మంచిగ రాసిన్రు సాబ్," అని మెట్లు దిగిపోయాడు.

జైలు నుంచి రాగానే జనార్దన్ నేరుగా సిరిసిల్ల పోయాడు, లసుమవ్వకు మొహం చూపించడానికి.

లసుమవ్వ నవ్వుతూ ఎదురొచ్చింది.

"పై కోర్టుల కేసేసి గెలిచినం బిడ్డా! పిల్లగాన్ని సంపిన ఎస్సై మీద ఖూనీ కేసు పెట్టుమన్నరు. నా కొడుకు కాల్పులు జరపలేదన్నరు."

"ఎట్లవ్వా?"

"నీ పేపరు చూపెడితె నమ్మలే. పేపరోళ్లు ఏమన్న రాస్తరన్నరు. సర్కారు మనిషే ప్రమాణం చేసి చెప్పిన మాట చూపెడితె, కాదనేటందుకు వాళ్లకు నోరు రాలే."

"ఆ సాక్ష్యం నీకెట్ల దొరికింది?"

"గా సాయిబే ఇంటికొచ్చిండు. కోర్టుల దరఖాస్తు పెట్టు, నకలిస్తరు అని చెప్పిండు. చాయన్న తాగకుంట పోయిండు బిడ్డా."

ఆ మధ్యాహ్నమే జనార్దన్ మునావర్ ఊరు కోరుట్లకు బస్సెక్కాడు. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు.

గడపలో మునావర్ భార్య జులేఖాబీ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"మునావర్ సాబ్ ఉన్నడా?"

"ఎండకాలంలనే పోయిండు భాయ్."

జనార్దన్ చెప్పులు విడిచి గడప ముందు కూర్చున్నాడు.

"కాయితం అసలుదే అని ఆయన చెప్పంగనే, మరి బయటికెట్ల పోయిందని ఆయన్నే పట్టుకున్నరు. బీరువా తాళంచెవి ఆయన దగ్గర్నే ఉంటుండె. కొలువు పోయింది. పిలిచి పిలిచి అడిగిన్రు. ఆఖరుకు పానం తట్టుకోలే."

"జైల్ల పడతనని భయపడి ఆయన్ను తిట్టిన అమ్మా."

"చెప్పిండు. తిట్టనీ, ఆయనది తప్పు లేదన్నడు."

"కాయితం బయటికి తెచ్చింది... ఎవరమ్మా?"

జులేఖాబీ ఒళ్లోని చాట సర్దుకుంది.

చాటలోంచి బీడీలు కొన్ని తీసి, గొట్టంలా దగ్గరికి పట్టి, గులాబి దారం చుట్టి ముడేసింది. ఆ దారం, ఆ ముడి జనార్దన్ అంతకుముందు ఒక్కచోటే చూశాడు, తన ప్రెస్సు తలుపు సందులో.