మూడు గంటల ఆరు నిమిషాలు

క్రిస్మస్‌కి మూడు సినిమాలు విడుదలయ్యాయి. స్వర్ణలత, జేమ్స్ కలిసి చూడగలిగింది ఒక్కటే.

బందరు కోనేరు సెంటర్ దగ్గర సందులో, టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆ సంగతే తేల్చుకుంటున్నారు ఇద్దరూ. ఆమె గుడివాడ నుంచి వచ్చింది. అక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. అతను కోడూరు నుంచి వచ్చాడు. అక్కడ రొయ్యల మేత అమ్మే షాపులో పని. "బందర్లో పనుంది" అని ఇంట్లో చెప్పి వచ్చారు. అది అబద్ధం కాదు. ఆ పని పొద్దున రెండు నిమిషాల్లో అయిపోయింది. అబద్ధం ఆ తరవాతే మొదలైంది.

జేమ్స్ ఫోను చూస్తూ చెప్పాడు. "మొదటిదానికి రేటింగు బాగానే ఇచ్చారు. అన్నీ ఫైట్లేనట. మా షాపులో వాళ్ళు రెండోసారి కూడా వెళ్ళొచ్చారు."

"ఎంతసేపు?"

"రెండు గంటల పది నిమిషాలు."

స్వర్ణలత పెదవి విరిచింది. "రెండోది ఇంకా బావుందట. మా జ్యోతిర్మయి టీచరు నవ్వి నవ్వి కళ్ళజోడు పారేసుకుంది. ఎక్కడా విసుగురాదంది."

"ఎంతసేపు?"

"రెండు గంటలకి ఐదు నిమిషాలు తక్కువ."

"మరీ అన్యాయం," అన్నాడు జేమ్స్.

ఇక మూడోది. తాత కథ, తండ్రి కథ, మనవడి కథ. మూడింట్లోనూ ఒకడే హీరో. దాన్ని బావుందన్నవాళ్ళు ఇంతవరకూ ఎక్కడా తగల్లేదు. ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళడానికొచ్చిన టీ కొట్టాయన కూడా ఆగి మరీ చెప్పాడు. "దానికి మాత్రం వెళ్ళకండి బాబూ. మా తోడల్లుడు ఇంటర్వెల్‌కే ఇంటికొచ్చేశాడు."

"ఎంతసేపండీ?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"మూడు గంటల ఆరు నిమిషాలు. మనిషన్నవాడు కూర్చోలేడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సినిమా ఖాయమైంది.

మ్యాట్నీకి బాల్కనీలో పదకొండుమంది ఉన్నారు. స్వర్ణలత చున్నీ తలమీదుగా కప్పుకుని చిట్టచివరి వరసలో కూర్చుంది. పేర్లు పడ్డాక, లైట్లు పూర్తిగా ఆరాక, జేమ్స్ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. తెర మీద తాత పుట్టాడు.

"మీ అమ్మగారికి మోకాళ్ళెలా ఉన్నాయి?" అడిగింది స్వర్ణలత.

"ఫర్లేదు. నీ పేరెత్తితే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోతుంది."

"తినకుండానా?"

"లేచి వంటగదిలో కూర్చుని తింటుంది."

తాతకి పెళ్ళయింది. చాలాసేపు పట్టింది.

"పోనీ, మీ రాజ్ కుమార్ అన్నయ్యతో మళ్ళీ ఓసారి మాట్లాడనా?" అన్నాడు జేమ్స్.

"వద్దు. పోయినసారి మీరు మాట్లాడ్డానికొస్తే ఏమైంది?"

"కుర్చీ విరిగింది."

"రెండు కుర్చీలు."

జేమ్స్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆమె తీసుకోనిచ్చింది.

ఇంటర్వెల్‌లో సమోసాల దగ్గర కొండలరావు ఎదురుపడ్డాడు. బందర్లోనే ప్రభుత్వ గుమాస్తా. పొద్దున ఇద్దరూ ఆయన్ని ఆఫీసులో చూసినవాళ్ళే. ఆయన స్వర్ణలతని చూశాడు, జేమ్స్‌ని చూశాడు, ఇద్దరి చేతుల మధ్యా ఉన్న ఒకే ఒక్క సమోసాల పొట్లాన్ని చూశాడు. చేతిలో ఉన్న కూల్‌డ్రింకు తాగడం మర్చిపోయాడు.

స్వర్ణలత చున్నీ మళ్ళీ తలమీదికి లాక్కుంది.

"మీరు... మీరిద్దరూ..." అన్నాడు కొండలరావు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూడండి, నేను జ్వరమని చెప్పి వచ్చాను. మిమ్మల్ని నేను చూళ్ళేదు. నన్ను మీరు చూళ్ళేదు."

"అంతేనండీ," అన్నాడు జేమ్స్.

కొండలరావు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఇద్దర్నీ మళ్ళీ ఓసారి చూసి, తల విదిలించుకుని లోపలికెళ్ళాడు.

రెండో సగంలో మనవడి కథ మొదలయ్యేసరికి జేమ్స్ నిద్రపోయాడు. తెల్లారుజామునే మొదటి బస్సెక్కి, అవనిగడ్డలో మారి వచ్చినవాడు. స్వర్ణలత లేపలేదు. తెర వైపు చూడటం మానేసి అతని వైపు తిరిగి కూర్చుంది. కనుబొమ్మ పైన చిన్న గీత ఒకటి కొత్తగా కనపడింది. దాన్ని ఎంతసేపు చూసినా ఆమెకి విసుగు రాలేదు.

లైట్లు వెలిగాక అతను ఉలిక్కిపడి లేచాడు. "ఆఖర్న ఏమైంది?"

"తెలీదు," అంది స్వర్ణలత.

బస్టాండులో ఒకరికొకరు దూరంగా, ఎవరి ప్లాట్‌ఫారం వైపు వాళ్ళు నిలబడ్డారు. ఫోన్లో మాట్లాడుకున్నారు.

"జనవరి పంతొమ్మిదికి రమ్మన్నారుగా," అన్నాడు జేమ్స్. "అప్పటికి పండగ సినిమాలు నాలుగుంటాయి."

"రేటింగులు చూడకండి. ఏది పెద్దదో కనుక్కోండి చాలు."

గుడివాడ బస్సొచ్చింది. స్వర్ణలత కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా జేమ్స్ వైపే చూసి, చున్నీతో కళ్ళు తుడుచుకుంది. అంతలో అన్నయ్య ఫోన్ చేశాడు.

"వెళ్ళిన పనేమైందే?" అన్నాడు రాజ్ కుమార్.

"ఇవాళా తెమల్లేదన్నయ్యా," అంది స్వర్ణలత నీరసంగా.

"మళ్ళీ వాయిదానా, నీకు విడాకులివ్వకుండా నీ మొగుడు ఆ జేమ్స్‌గాడు ఇంకెన్నాళ్ళు తిప్పుతాడే నిన్ను కోర్టు చుట్టూ?" అని అరిచాడు రాజ్ కుమార్.