పై నుంచి రెండోది

"ఆరువందల నలభై ఒకటి మనకి. ఒకటి మూడో నంబరుకి," అని చదివి చేపల సంఘం గుమస్తా వెంకట్రాజు కాగితం మడిచాడు.

సంఘం షెడ్డు జనంతో నిండి ఉంది.

"మళ్లీ చదువు," అన్నాడు తాతారావు.

మళ్లీ చదివినా అంతే వచ్చింది. బూత్‌ల వారీగా ఎంపీ ఓట్ల లెక్క అది.

పోలవరం కొండల దగ్గర మొదలైన ఏలూరు పార్లమెంటు నియోజకవర్గం కొల్లేరు నీళ్లలోకి వచ్చి ఆగుతుంది. ఆ చివరి బూత్‌లలో చినగరువులంక ఒకటి. జిల్లా కృష్ణా నుంచి ఏలూరుకి మారింది. ఎంపీలు మారారు. లంక ఓటు మాత్రం ఏనాడూ చీలలేదు. పోలింగుకి ముందురోజు సంఘం పెద్ద తాతారావు షెడ్డులో నిలబడి చెబుతాడు. పార్టీ పేరెత్తడు.

"బొమ్మల జోలికి పోకండి. ఒకదానిలా ఇంకోటి ఉంటుంది. లెక్కపెట్టి నొక్కండి. పై నుంచి రెండోది."

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి తనే వేసి వస్తాడు.

ఇప్పుడు కొల్లేటి నీళ్లతో చెంబు తెప్పించాడు. దాని మీద చెయ్యి పెట్టి రెండోదే నొక్కానని ప్రమాణం చెయ్యాలి. మొదట తనే చేశాడు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. సత్తిబాబు భార్య పద్మప్రియ మాత్రం లేవలేదు. రెండేళ్ల కిందట తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన కోడలు. డిగ్రీ చదివింది.

"ఓటు ఎవరికేశామో చెప్పకూడదు కదండీ, మామయ్యగారూ."

"దాచుకునేది ఉన్నోళ్లకే కదమ్మా రహస్యం," అన్నాడు తాతారావు.

"గూడెం చదువు లంకలో ఈదదమ్మా," అని వెనక నుంచి ఒకావిడ అంది. నలుగురు నవ్వారు.

తాతారావు నవ్వలేదు. "రేపట్నుంచి ఆ ఇంటికి మాట లేదు. పడవ లేదు."

"మా అమ్మకి ఆయాసం, బాబాయ్. వానలొస్తే దారుండదు. పడవ లేకపోతే ఎలాగ?" అన్నాడు సత్తిబాబు.

"మీ ఆవిణ్ని అడుగు."

పడవలన్నీ సంఘానివే. లంకలో ఎవరూ ఆ ఇంటి వైపు చూడలేదు. శ్రావణంలో నీళ్లు రోడ్డెక్కాయి. ఒక మధ్యాహ్నం సత్తిబాబు మొలలోతు నీళ్లు తోసుకుంటూ తాతారావు ఇంటికి వచ్చాడు.

"అమ్మకి ఊపిరాడట్లేదు, బాబాయ్."

తాతారావు బయటికి రాబోయాడు. పైన ద్వారబంధం నుదుటికి కొట్టుకుంది. ఈమధ్య అది మామూలే. నుదురు రుద్దుకుంటూ అన్నాడు.

"కోడల్ని వచ్చి నిజం చెప్పమను. పడవ విప్పుతాం."

పద్మప్రియ తడిచీరతో వచ్చింది. చెంబు మీద చెయ్యి పెట్టింది.

"పై నుంచి రెండోదే నొక్కానండీ."

"మరి ఆ ఒక్కటీ ఎవరిదమ్మా? అందరూ ప్రమాణం చేశారు."

ఆమె మొగుడి వంక చూసింది. చెయ్యి తియ్యలేదు.

"నేనే వేశానండీ. మూడోదానికి. పడవ విప్పండి."

పడవ విప్పారు. అవతలి గట్టు చేరేసరికి ముసలమ్మ పోయింది. పదకొండో రోజు వెళ్లాక మొగుడూ పెళ్లాలు ఇంటికి తాళం వేసి గూడెం వెళ్లిపోయారు. వాళ్ల వెనక ఎవరూ రేవు దాకా వెళ్లలేదు.

తాతారావు మనసు కుదుటపడింది. లంకలో మళ్లీ ఒకటే మాట.

కార్తీకంలో ద్వారబంధం ఇంకోసారి తగిలి నుదురు చిట్లింది. రెండు కుట్లు పడ్డాయి. వెంకట్రాజు ఊరుకోలేదు. ఏలూరులో కళ్ల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాడు.

"గుమ్మాలు ఎన్నాళ్ల నుంచి తగులుతున్నాయండీ?" అని ఆమె అడిగింది.

"ఏడాది పైమాటే. పాత ఇల్లు. గుమ్మాలు పొట్టివి."

ఆమె కళ్లలోకి లైటు వేసి చూసింది. పైవైపు చూపు తగ్గిందేమోనని రాసుకుంది. ఎదురు గోడ మీద అక్షరాల అట్ట వేలాడుతోంది.

"పై నుంచి రెండో వరుస చదవండి, తాతగారూ."

తాతారావు వేలెత్తి లెక్కపెట్టుకున్నాడు. తప్పు రాకూడదని ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత తడబడకుండా, షెడ్డులో అందరికీ వినబడేలా చెప్పే గొంతుతో, వరుసంతా చదివాడు.

"అది మూడోదండీ," అంది డాక్టరమ్మ.