ముందు సీటు

ఊళ్లో అన్నీ డ్రైవరు లేని కార్లే. ప్రమాదం వస్తే ముందు ఏ సీటును కాపాడాలో, కొన్నరోజే యజమాని కారుకు చెప్పి తీరాలి. శ్రీహరి ఏ సీటు చెప్పాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం నూజివీడు పెళ్లికి బయల్దేరారు. ఎప్పుడూ తను కూర్చునే ముందు సీట్లో అత్తగారు దమయంతమ్మ ఎక్కేసరికి, శ్రీహరి భార్య హైమావతి మూతి ముడుచుకుని వెనక కూర్చుంది.

దారిలో గేదె అడ్డమొచ్చింది. కారు చటుక్కున తిరిగి, హైమావతి వైపు గోడకు కొట్టుకుంది. ఆమె గాజులు చిట్లి చెయ్యి కోసుకుంది. అత్తగారి కొప్పులో పువ్వు కూడా రాలలేదు.

హైమావతికి ఒళ్లు మండిపోయింది.

"మీ అమ్మనే కాపాడమన్నారు కదూ! నేనేమైపోతే మీకేం?"

శ్రీహరి జేబురుమాలు తీసి ఆమెకిచ్చాడు.

"కాదే. వెనక కూర్చుంటే నీకు వాంతులు కదా, ముందు సీటు ఎప్పుడూ నీదేనని దాన్నే చెప్పాను. ఇవాళ అమ్మ ఎక్కుతుందని కలగన్నానా?"

హైమావతి కడుపు చల్లబడింది. నెత్తురు తుడుచుకుంటూనే మొగుణ్ని మురిపెంగా చూసింది.

దమయంతమ్మ మాత్రం సీటు బెల్టు విప్పలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని కొడుకువైపు తిరిగింది.

"మరి నన్నెక్కడ కూర్చోమంటావురా?"