చీటీలో వచ్చే గుర్రం

మా టకానిని ఊరి గుర్రాలశాల కంచె దగ్గర, ఫోన్లో మెయిల్ చదివి అరిచాను.

"పెంటాథ్లాన్ ఐదు ఆటల్లోంచి గుర్రపుస్వారీ తీసేశారంట, హిమజా! బదులుగా గోడలెక్కి దూకాలంట! నాలుగేళ్లు నేర్చుకున్నాకా చెప్పేది?"

పోటీలో ఎవరికే గుర్రమో చీటీ తీసి ఇస్తారు. అందుకే నా కూతుర్ని వారానికో గుర్రం ఎక్కించాను. దేనితోనూ చనువు వద్దు, పేరు కూడా అడగొద్దని గట్టిగా చెప్పాను.

"ఎవర్నడిగి తీసేశారు? ఆ కమిటీవాళ్లు జన్మలో గుర్రమెక్కారా?"

"ఇట్స్ ఓకే, నాన్నా." హిమజ కంచె మీదికి వంగింది. "ఇంక నీ దగ్గర దాచక్కర్లేదు. బెల్లం!" అని పేరు పెట్టి పిలిచింది.

దూరంగా మేస్తున్న ఎర్రగుర్రం తలెత్తింది. పరుగున వచ్చి, అలవాటుగా ఆమె కోటు జేబులో మూతి పెట్టింది.