బీబీ మరియం కళ్ళు

"కళ్ళు పెట్టకుంటే ఈసారి కూడ ఎవ్వరు కొనరు అమ్మీ," అంది లుబ్నా, దూది కూరిన మరియమ్మ బొమ్మను తల్లి ఒళ్ళో పడేస్తూ.

ఇక్బాలున్నీసా బొమ్మను తీసి పక్కన పెట్టింది. "నేను పెట్ట. ఇంకో మాట చెప్పు."

చెప్పడానికి ఇంకో మాటేముంది? మొఘల్‌పురాలో తల్లీకూతుళ్ళుంటున్న ఒంటిగది నిండా బొమ్మలే. మరియమ్మలు, యోసేపులు, పొత్తిగుడ్డల్లో చుట్టిన బాలయేసులు, గొర్రెలు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చి మగ్గం పనిని మింగేశాక, జాకెట్లు కుట్టగా మిగిలిన సాటిన్ ముక్కలతో క్రిస్మస్ బొమ్మలు చేద్దామన్న ఆలోచన లుబ్నాది. కుట్టు మాత్రం తల్లిది. ఆ కుట్టుకు వంక పెట్టగలిగినవాళ్ళు పాతబస్తీలో లేరు. బొమ్మలకు ముఖాలే లేవు. ఒక్కో బొమ్మ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉంటుంది.

బొమ్మకు కళ్ళు పెట్టినవాళ్ళను, అల్లా ముందు లెక్క చెప్పే రోజున దానికి ప్రాణం కూడా పొయ్యమంటారని ఇక్బాలున్నీసాకు వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది. అందుకే ఆమె గొర్రెకు కూడా కళ్ళు పెట్టలేదు. అందులోనూ ఈమె ఖురాన్‌లోని బీబీ మరియం, ఆ పసివాడు ఈసా నబీ. తన చేత్తో వాళ్ళకు కళ్ళు కుట్టడమన్న తలపుకే ఆమెకు వణుకు పుడుతుంది.

పోయిన ఆదివారం జహనుమాలోని చర్చి దగ్గర, తెలిసినావిడ వీణ పెట్టిన స్టాల్లో ఈ బొమ్మలుంచారు. వచ్చినవాళ్ళంతా ఎత్తడం, తిప్పి చూడడం, "దీనికి ముఖమేది?" అనడం, దించడం. కొనడం మానేసి సలహాలు మాత్రం ధారాళంగా ఇచ్చిపోయారు. చివరికి ఒకే ఒక్క సెట్టు అమ్ముడుపోయింది.

అంతలో ఫోన్ మోగింది. వీణే.

"అక్కా, ఆ ఒక్క సెట్టు తీస్కపోయిన ఆనందరావు సారు లేడా? ఏదో హాస్టల్ నడుపుతడట. పిల్లలకు పండగ బహుమతులియ్యనీకి మిగిలిన బొమ్మలన్ని కావాల్నట. రేపు పొద్దుగాల మీ ఇంటికే వస్తుండు."

"అల్‌హందులిల్లా," అంది ఇక్బాలున్నీసా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గని అక్కా, నా మాట ఇను. ఆ రోజు లొల్లిల సంచిల ఏస్కొని పోయిండు, సక్కగ చూసిండో లేదో. రేపు అన్ని ముందట పెట్టుకుంటే అందరు అడిగినట్టే అడుగుతడు. రెండు రెండు పూసలు కుట్టెయ్యి. ఈ బేరం గూడ పోతే ఇంక నాతోని గాదు."

వీణ మంచి కోరే చెప్పింది. ఆ సంగతి ఇక్బాలున్నీసాకూ తెలుసు. ఫోన్ పెట్టేసి కూతురి వంక చూసింది. లుబ్నా డిగ్రీ ఆఖరి ఏడాది ఫీజు ఈ బొమ్మల మీదే ఆధారపడి ఉంది.

"పోనియ్ అమ్మీ, ఫికర్ చెయ్యకు," అంది లుబ్నా. "జనవరి నుంచి గాజుల దుకాణంల కూసుంట. మాట్లాడొచ్చిన."

ఏడ్చి ఉంటే తల్లి తట్టుకునేదేమో. ఆ పిల్ల కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఇక్బాలున్నీసా లేచి పూసల డబ్బా దింపింది.

పిల్లలు పీకకుండా ఒక్కో పూస కింద గమ్ పెట్టి, పైన రెండు కుట్లు వేసింది. మొదటి బొమ్మకు పూస వంకరగా పడింది. లుబ్నా లాగబోతే పూసతో పాటు సాటిన్ కూడా చిరిగి వచ్చింది. ఆ తర్వాత తల్లి చేయి తప్పలేదు. యోసేపులకు, గొర్రెలకు, ఆఖరున మరియమ్మలకు, బాలయేసులకు. మధ్యాహ్నం అజాన్ వినబడితే లేచి నమాజు చేసుకునే జానిమాజ్ పరిచింది. కాసేపు దాని ముందు నిలబడి, మళ్ళీ మడిచి పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆమె నమాజు తప్పడం లుబ్నా చూడలేదు.

మర్నాడు పొద్దున ఆనందరావు ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. చాయ్ కూడా తాగకుండా, ఖాళీ సంచులు పక్కన పెట్టి, ఒక మరియమ్మను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ముఖం మీద మెల్లగా రాశాడు. వేలు పూసల దగ్గర ఆగిపోయింది.

"ఇవెప్పుడు పెట్టారమ్మా?"

"నిన్ననే సార్," అంది లుబ్నా ఉత్సాహంగా. "మీ పిల్లలకు నచ్చాల్నని అన్నిటికి పెట్టినం. గొర్రెలకు గూడ."

"ఊడి వస్తాయా?"

"రావు సార్, మస్తు గట్టిగున్నయి. గుంజితే గుడ్డ చినుగుతది గని పూస రాదు."

ఆనందరావు మరో బొమ్మ తీసి చూశాడు, ఇంకొకటి తీసి చూశాడు. సంచులు తెరవలేదు.

"కుట్టు బాగలేదా సార్?" అంది ఇక్బాలున్నీసా భయంగా.

"కుట్టుకేమమ్మా. మా దగ్గర స్వీటీ అని ఒక పిల్ల ఉంది. ఆ రోజు తీసుకెళ్ళిన మరియమ్మను దానికే ఇచ్చాను. ముఖమంతా తడిమి, 'సార్, ఈమె అచ్చం నా లెక్కనే ఉన్నది' అంది. ఇక అది రాత్రీ పగలూ చేతిలోంచి దించడం లేదు. తక్కిన పిల్లలు కూడా అట్లాంటివే కావాలని ఒకటే ఏడుపు."

తల్లికి అర్థం కాలేదు.

"ఆ పిల్ల లెక్క ఎట్లుంటది సార్? దానికి నేను కళ్ళే పెట్టలే గదా."

ఆనందరావు బొమ్మను జాగ్రత్తగా చాప మీద పడుకోబెట్టాడు.

"మా హాస్టల్లో ఏ పిల్లకూ చూపు లేదమ్మా."