సమానమైనది గానీ, మంచిది గానీ

శవపెట్టె మీద ఎవరో టక్ టక్‌మని కొట్టారు.

శవం దగ్గర జాగారం ఉన్నవాళ్ళ పేకాట బల్ల దగ్గర ముక్కలు గాల్లోనే ఆగాయి.

పెట్టె పక్కన ఓ ముసలామె నిలబడి ఉంది. ఎవరో ఎవరికీ తెలియదు. ఒక చేతిలో కాఫీ కప్పు ఉంది. రెండో చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది.

"ఏమ్మోయ్! తలుపనుకున్నావా? లోపల మా అమ్మ పడుకుని ఉంది!" లూర్దెస్ గయ్‌మని లేచింది.

"చెక్కమ్మా ఇది. తెల్లరంగు కొట్టిన చెక్క."

"నీకెందుకు? కాఫీకి వచ్చావు, తాగి వెళ్ళు!"

చావింటి పేకాటకీ బిస్కెట్లకీ ఊళ్ళు తిరిగేవాళ్ళు ఫిలిప్పీన్స్‌లో ఈ బతంగాస్ వైపు తక్కువేం కాదు. ఈమె కూడా ఆ బాపతేనని అందరూ అనుకున్నారు.

కానీ పక్కింటి కేసియాంగ్ ఊరుకోలేదు. తనూ వెళ్ళి కొట్టి చూసింది.

"ఒసే లూర్దెస్! ఇది రేకు కాదే, నిజంగా చెక్కే!"

లూర్దెస్‌కు ఒళ్ళు మండిపోయింది.

తండ్రిని గోతిలోకి దింపుతుంటే చెక్కపెట్టె అడుగు ఊడింది. ఊరంతా చూసింది. అప్పటినుంచీ తల్లి ప్యూరింగ్ కూరగాయలమ్మిన డబ్బుతో తన అంత్యక్రియలకు ముందుగానే ఓ కంపెనీలో నెలనెలా వాయిదాల ప్లాన్ కట్టుకుంటూ వచ్చింది. తెల్లటి రేకు పెట్టె, గట్టిది. తనకోసం ఆమె కొనుక్కున్న మంచి వస్తువు అదొక్కటే.

"ఎక్కడ ఆ మేనేజరు? పట్టుకురండి!"

అంత్యక్రియల కంపెనీ మేనేజరు బాలింగిట్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"రేకు పెట్టెలు అయిపోయాయమ్మా. తుఫానుకు మనీలా లారీ ఆగిపోయింది. ఈ ఒక్కసారికి సర్దుకోండి."

"ఒక్కసారికా? మా అమ్మ ఎన్నిసార్లు చస్తుందయ్యా?"

పేకాట బల్ల ఘొల్లుమంది.

"ప్లాన్‌లో రాసిచ్చిన పెట్టె లేకపోతే దానికి సమానమైనది గానీ, అంతకన్నా మంచిది గానీ ఇవ్వాలి. ఒక్క పెసో ఎక్కువ అడక్కూడదు. రూలు! రేడియోలో చెబుతూనే ఉన్నారు!" అంది లూర్దెస్.

"రూలంటే రూలే!" బల్ల మొత్తం లేచి నిలబడింది. "లైసెన్సు పీకిస్తాం!"

"రూలు నాకూ తెలుసు తల్లీ! రూల్లో పడుకోబెట్టలేంగా, పెట్టె ఉండాలి కదా!"

"ఇంకో తుఫాను వస్తోందని రేపు పొద్దున్నే సమాధి పెట్టుకున్నాం. మళ్ళీ అడుగు ఊడితే?" లూర్దెస్ వంగి పెట్టె అడుగు తడిమింది.

"బాబూ, ఒక్కమాట," అంటూ ముసలామె మేనేజరు చొక్కా పట్టి లాగింది.

"నువ్వు మధ్యలో దూరకమ్మా!" లూర్దెస్ కసిరింది.

మేనేజరు బతుకుజీవుడా అని బయటపడ్డాడు. ముసలామె నాలుగు బిస్కెట్లు సంచిలో వేసుకుని అతని వెనకే నడిచింది.

"చూడవే, ఇంకో చావింటికి బండి అడుగుతున్నట్టుంది!" అంది కేసియాంగ్.

కాసేపటికే కంపెనీ బండి తిరిగొచ్చింది.

తెల్లటి రేకు పెట్టె! కేసియాంగ్ పరుగున వెళ్ళి కొట్టింది. ఖంగుమంది. జనం చావిల్లని కూడా మరిచి ఈలలేశారు.

"చూశారా! నోరు పెద్దది చేస్తే గానీ రూలు కదలదు!" లూర్దెస్ నవ్వుతూనే ఏడ్చేసింది.

తల్లిని కొత్త పెట్టెలోకి మార్చారు. బండిలోంచి దిగొచ్చిన ముసలామె తొంగి చూసి, దిండు సర్ది, వెనక్కి తిరిగింది.

"సంచి నిండిందా పెద్దమ్మా? ఇంకో పొట్లం కట్టమంటావా?" అంది లూర్దెస్.

అందరూ నవ్వారు. ముసలామె కూడా నవ్వి మెట్లు దిగింది.

కొంచెం ఆగి డ్రైవరు లోపలికొచ్చాడు. "ఆ పెద్దావిడేరీ? ఇంటి దగ్గర దింపమన్నారు మా మేనేజరు."

"ఎవరు, ఆ బిస్కెట్ల ముసల్దా?" అని అడిగింది లూర్దెస్.

"అలా అనకండమ్మా. ఆవిడా మా ప్లాన్ కట్టినావిడే. ఇదివరకు ఇంకో కంపెనీ మునిగి ఆవిడ కట్టిందంతా పోయింది. అందుకే మా పెట్టె ఏ ఇంటికి వెళ్ళినా వెనకే వెళ్ళి, చెప్పిందే ఇచ్చారో లేదో చూస్తుంది."

"ఆ మాట మాతో చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పనిచ్చారా?"

లూర్దెస్ గుమ్మం దాకా పరుగెత్తింది. కేసియాంగ్ చటుక్కున చెయ్యి పట్టి ఆపింది.

"పిచ్చిదానా! చావింటికి వచ్చినవాళ్ళను ఇంటివాళ్ళు సాగనంపకూడదు. ఇంకో చావు వెంటబడుతుంది!"

లూర్దెస్ గడప ఇవతలే ఆగిపోయింది. ముసలామె వీధి మలుపు దాటిపోతోంది.

"నువ్వైనా పిలుచుకురా బాబూ. కాస్త అన్నం తిని వెళ్ళమను. నేను చాలా మాటలన్నాను."

"ఆవిడ ఏమీ అనుకోదమ్మా," అన్నాడు డ్రైవరు. "మా గోడౌన్‌లో తనకోసం దాచిపెట్టుకున్న ఈ పెట్టెను మీ అమ్మకిచ్చేస్తూ కూడా, 'మీ లారీ వచ్చేదాకా నేను చావనులే, ముందు ఆమెను పోనివ్వండి' అని నవ్వింది."