అడగకుండా తెరుచుకునే తలుపు

“ఇంకెంతసేపమ్మా డెబోరా? బయటివాళ్లెవరో ఆ కన్నం కనిపెట్టేసినారు. రేపు శుక్రవారం లోకమంతా చాటేస్తారంట,” అన్నాడు ఫోన్లో టీమ్ లీడర్ నరేంద్రబాబు.

సాయంత్రంలోపు పంపుతానంది డెబోరా. సోమవారం నుంచీ ఆమె చెబుతున్నది అదే మాట. పని తెలియక కాదు. మార్చాల్సింది పదకొండు వరుసల కోడే.

ఫోన్లను లోపలి నుంచి నడిపించే కెర్నెల్‌ను చూసుకునే జట్టు వాళ్లది. అందులో బ్లూటూత్ భాగం డెబోరాది. లోపం అక్కడే ఉంది. పక్కగదిలోని ఏ ల్యాప్‌టాపైనా ‘నేను నీ కీబోర్డుని’ అంటే చాలు, ఫోను తన యజమానిని ఒక్కమాట అడగకుండా నమ్మి జత కట్టేస్తుంది. ఆ తర్వాత ఇక్కడ ఏ మీట నొక్కితే అక్కడ ఫోను ఆ పని చేస్తుంది. డెబోరా దీన్ని నాలుగు నెలల కిందటే కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. కంచే చేను మేసింది.

ఆ కన్నంలోంచే రోజూ సాయంత్రం ఆరింటికి హెబ్రోను మాట్లాడేవాడు మరి.

హెబ్రోను ఆమె భర్త. జువ్వలదిన్నె హార్బరు నుంచి వేటకు వెళ్లే బోటు నడిపేవాడు. ఇద్దరూ ఒకే చర్చిలో పెరిగారు. కావలిలో ఇంజనీరింగ్ చదివి కూడా ఆమె అతన్నే చేసుకుంది, ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటూ ఆ ఊళ్లోనే ఉండిపోయింది. అక్టోబరు వాయుగుండంలో బోటు తిరిగి రాలేదు. వారం తర్వాత దక్షిణాన తడ ఊరి వైపు బోటు ముక్కలూ ఒక చొక్కా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. రంగు కలవని దారంతో తనే కుట్టిన గుండీ చూసి డెబోరా ఆ చొక్కాను గుర్తుపట్టింది.

ఇంటికొచ్చేసరికి అత్త ఏసుమణి మంచినీళ్లు కూడా తాగకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ ముఖం చూశాక నిజం నోటికి రాలేదు.

“పరాయి దేశపోళ్లు పట్టుకున్నారంట అత్తా. వదిలిపెడతారంట,” అనేసింది.

దారితప్పి సరిహద్దు దాటి, ఏడాది జైల్లో ఉండి తిరిగొచ్చినవాళ్లు ఆ తీరంలో ఉన్నారు. అందుకే అబద్ధం నిలబడింది. పాస్టరుగారు పోయినవాళ్ల కోసం పెట్టే ఆదరణ కూడిక మాట ఎత్తితే, బతికున్నోడికి కూడిక ఏందయ్యా అని ఏసుమణి ఆయన్ని పంపేసింది.

కానీ ముద్ద ముట్టేది కాదు. పది రోజుల్లో మనిషి పుల్లయిపోయింది. అప్పుడు డెబోరాకు భర్త పాత వాయిస్ మెసేజీలు గుర్తొచ్చాయి. వేట నుంచి వస్తూ సిగ్నలు అందగానే తల్లికి పంపినవి, ఆమె ఫోన్లోనే ఉన్నాయి. ఆ ఫోనును ఏసుమణి మెడలో సంచీలో వేసుకుని, నిద్రలో కూడా ఎవరికీ ఇచ్చేది కాదు. డెబోరా పక్కగదిలో తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మీట నొక్కేది. తల్లి గుండెల మీద కొడుకు గొంతు పలికేది.

“అమ్మా, బాగుండాను. నువ్వు తిన్నావా?”

ఆ మాట వినపడగానే ఏసుమణి లేచేది. వాడు మాట్లాడినాడు, రా తిందామని కోడల్ని పిలిచి రెండు కంచాలూ తనే పెట్టేది. కోడలు నాలుగు మెతుకులు కెలికి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. ఉన్నవి ఏడే మెసేజీలు, ఒకదాంట్లో హెబ్రోను నవ్వు కూడా ఉంది. విన్నదే మళ్లీ విన్నా ఆమె అనుమానపడలేదు. జైల్లో ఉండేవాడికి కొత్త కబుర్లు ఏడనుంచి వస్తాయని తనే సర్దిచెప్పేది. దిగులుతో మతిమరుపు కూడా వచ్చిందనుకుంది డెబోరా. ఇంత అమాయకురాల్ని మోసం చేస్తున్నానని రోజూ కంచం ముందు ఏడుపు దిగమింగుకునేది.

ఇప్పుడా కన్నం పూడ్చాలి. పూడిస్తే ఫోను ప్రతిసారీ, జత కోరేవాళ్ల పేరు చూపించి మరీ యజమాని అనుమతి అడుగుతుంది. కొడుకు గొంతు ఆగిపోతుంది, దాంతోపాటు అత్త తిండీ ఆగిపోతుంది. పూడ్చకపోతే బస్సులో పక్కసీట్లో కూర్చున్న ఏ దొంగైనా ఎవరి ఫోన్లోకైనా దూరిపోతాడు. అత్త ఫోను ఒక్కదాన్నీ వదిలేద్దామన్నా కుదరదు, అప్‌డేటు దానంతటదే అన్ని ఫోన్లకూ వెళ్తుంది.

మధ్యాహ్నం నరేంద్రబాబు మళ్లీ ఫోన్ చేశాడు. ఆమె కష్టం తెలిసినవాడు కాబట్టి, ఈ పని ఇంకొకరికి ఇవ్వమంటావా అని మెత్తగా అడిగాడు. వద్దంది. ఆ గొంతు ఆగక తప్పకపోతే తన చేత్తోనే ఆగాలి. పదకొండు వరుసలూ రాసి, పరీక్షించి, పంపేసింది. తర్వాత తలుపు వేసుకుని ఏడ్చింది. చొక్కా చూసిన రోజు కూడా అంత ఏడవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఏసుమణి ఫోను దానంతటదే ఆరి, మళ్లీ వెలిగింది.

సాయంత్రం ఆరయింది. ఏసుమణి బైబిల్లో ఆనాటి అధ్యాయం చదివి మూసి, కళ్లద్దాలు తీయకుండానే ఫోను ఒళ్లో పెట్టుకుంది. నిజం చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్లిన డెబోరా అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేసింది. ఆరున్నర దాటింది. ముసలామె కదల్లేదు, వంటింట్లో అన్నం చల్లారిపోతోంది. ఆ ఎదురుచూపు డెబోరా చూడలేకపోయింది. లాభం లేదని తెలిసీ మీట నొక్కింది.

ఒళ్లో ఫోను వెలిగింది. తెర మీది అక్షరాలను ఏసుమణి కూడబలుక్కుంటూ పైకే చదివింది.

“డెబోరా ల్యాప్‌టాప్... మీ ఫోనుతో... జత కావాలనుకుంటోంది. ఒప్పుకుంటారా?”

తలుపు చాటున డెబోరా అంతా వింది. ఇన్ని నెలల అబద్ధం తన పేరుతో సహా బయటపడింది. ఇక ఆ తల్లికి ముఖం ఎలా చూపించాలో తెలియలేదు.

ఏసుమణి ‘అవును’ అన్నచోట వేలు పెట్టి నొక్కింది. తల తిప్పకుండానే గదిలోకి వినపడేలా చెప్పింది.

“ఈ పొద్దు వాడు నవ్వేది పెట్టమ్మా.”